మెరకా పల్లమూ: నవలకు ముందు గీసుకున్న ఊరు

నా రాతబల్లకు ఎదురుగా, గోడ మీద, నాలుగు గ్రాఫు కాగితాలను అంటించి చేసిన ఒక పటం వేలాడుతోంది. అందులో ఉన్న ఊరు భూమి మీద ఎక్కడా లేదు. ధవళేశ్వరానికి దిగువన, గోదావరి వశిష్ఠ పాయలో, నేను కల్పించుకున్న ఒక చిన్న లంక అది. ఊరికి ఇంకా పేరు కుదరలేదు కాబట్టి పటం మూలన "మన లంక" అని మాత్రం రాసి పెట్టుకున్నాను. 1986 ఆగస్టు వరదల్లో, మూడు రోజుల పాటు, ఆ లంకలో జరిగే కథను నవలగా రాయాలన్నది నా సంకల్పం. పటం గీయడానికీ, దానికి కావలసిన సంగతులు పోగు చేయడానికీ పదకొండు నెలలు పట్టింది. ఈ పదకొండు నెలల్లో నవల ఒక్క పేజీ కూడా కదలలేదని ఇంట్లోవాళ్లు గుర్తు చేస్తూనే ఉన్నారు. వాళ్లకు నోటితో సరిగా చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ రాసుకుంటున్నాను.

నిజానికి పటమూ గిటమూ లేకుండానే ఒకసారి మొదలుపెట్టాను. అరవై పేజీల దాకా చేయి బాగానే ఆడింది. ఆ రాతప్రతిని రైల్వేలో పనిచేసి విరమించిన మా బాబాయికి చదవమని ఇచ్చాను. ఆయన రెండో ప్రకరణం దగ్గరే ఆగిపోయి ఫోన్ చేశారు. "పుట్టింటికి వస్తున్న పిల్ల రాజమండ్రి దగ్గర రైలు కిటికీలోంచి విల్లుల్లాంటి కమానుల వంతెన చూసిందని రాశావు. ఎనభై ఆరులో ఆ వంతెన ఎక్కడుందిరా?" అన్నారు. కమానుల వంతెన కట్టడం పూర్తయింది 1997లో. 1986లో అక్కడ గోదావరి దాటే రైలుకు ఉన్నవి రెండే దారులు: 1900 నాటి పాత హేవలాక్ వంతెన, 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన. చిన్నప్పటి నుంచి చూస్తున్న దృశ్యం కాబట్టి అది ఎప్పటి నుంచో ఉందని నా కన్ను నమ్మేసింది.

ఆ ఒక్కటి బయటపడ్డాక మిగిలిన తప్పులు వరసగా బయటికి వచ్చాయి. వరద తగ్గాక నష్టం రాసుకోవడానికి కరణం గారిని పంపించాను. కరణం, మునసబు పదవులను ప్రభుత్వం 1984లోనే రద్దు చేసింది, 1985లో మండలాలు వచ్చాయి, కాబట్టి రావలసింది మండలాఫీసు మనిషి. అలవాటు కొద్దీ ఊళ్లోవాళ్లు ఆయనను కూడా కరణం గారనే పిలిచి ఉంటారన్నది వేరే సంగతి, అది నవలలో పనికొచ్చే సంగతి కూడా. అంతకన్నా సిగ్గు పడవలసిన తప్పు పొగాకు విషయంలో జరిగింది. ఆగస్టు వరదలో పొగాకు చేను మునిగిపోతుంటే రైతు గుండెలు బాదుకుంటాడని రెండు పేజీలు రాశాను. లంక పొగాకు నాటేదే వరదలు తగ్గి, కొత్త ఒండ్రు ఆరిన తరువాత. ఆగస్టులో ఆ చేలో పొగాకు మొక్క ఉండదు.

అరవై పేజీలూ పక్కన పెట్టాను. భాషలో లోపం లేదు, మనుషులు కూడా ఫరవాలేదు, కానీ వాళ్ల కాళ్ల కింద నేల లేదు.

కథ జరిగే చోటును మనం "నేపథ్యం" అంటాం. ఆ మాటే మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుందని నా అనుమానం. నాటక పరిభాషలో నేపథ్యం అంటే తెర వెనుక నటులు వేషాలు వేసుకునే చోటు. అందువల్లనేమో, ముందు కథా పాత్రలూ తయారైతే, వెనకాల నాలుగు కొబ్బరిచెట్లూ ఒక పడవా తగిలిస్తే సరిపోతుందన్న భావం మనలో స్థిరపడిపోయింది. గోదావరి కథ అనగానే పులస, పూతరేకులు, కొబ్బరాకుల సందున సూర్యోదయం వచ్చి కూర్చోవడం కూడా ఆ భావం పుణ్యమే. మొదటి అరవై పేజీల్లో ఈ మూడూ ఉన్నాయని ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1881లో తన సవతి కొడుకుకు కాలక్షేపంగా ఒక దీవి పటం గీసి రంగులు వేశాడనీ, ఆ పటాన్ని చూస్తూ ఉండగానే "ట్రెజర్ ఐలాండ్" కథ పుట్టిందనీ ఆయనే రాసుకున్నాడు. ఆ ముచ్చటలో నాకు నచ్చే భాగం చివరన ఉంది. పుస్తకం అచ్చు కోసం ఆయన పంపిన పటం ప్రచురణకర్తలకు చేరలేదు. అప్పుడు ఆయన తన కథనే మొదటి నుంచి చదువుతూ, ఎక్కడ ఏ గుట్ట ఉందన్నానో, ఎటు నుంచి ఎటు చూశారన్నానో ఏరుకుంటూ కొత్త పటం గీయవలసి వచ్చింది. అలా గీయడం సాధ్యపడిందంటే కథలో దూరాలు తప్పలేదన్న మాట. జేమ్స్ జాయిస్ మరో రకం. పారిస్‌లో కూర్చుని డబ్లిన్ నగరం గురించి "యులిసిస్" రాస్తూ, 1921లో తన మేనమామ భార్యకు ఉత్తరం రాసి, ఫలానా వీధిలో ఏడో నంబరు ఇంటి ముందున్న ఇనుప కటకటాలు ఎక్కి, వేలాడి, మామూలు మనిషి దెబ్బ తగలకుండా కిందికి దూకగలడా అని అడిగాడు. నవలలో తాళంచెవి మరచిపోయిన ఒక మనిషి అలా ఇంట్లోకి వెళ్లవలసి ఉంది. నేను పదకొండు నెలలూ చేసిన పని ఈ ఉత్తరం లాంటిదే, కాకపోతే నాకు దూకడంతో పని లేదు, మునగడంతో పని.

ముందు పటాల కోసం వెతికాను. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటాలు చాలా ముచ్చటగా ఉంటాయి. సెంటీమీటరుకు 500 మీటర్ల కొలతలో ప్రతి చెరువూ, ప్రతి కాలువా, ప్రతి గుడీ కనబడతాయి. కానీ వాటిలో ఎత్తును చూపే గీతల మధ్య అంతరం సాధారణంగా 20 మీటర్లు. కొండ ప్రాంతానికి అది సరిపోతుందేమో గాని, డెల్టాలోని లంకలన్నీ మొదటి గీతకు కిందనే ఉండిపోతాయి. నా కథకు కావలసినది అడుగూ, రెండడుగుల తేడా. తరువాత ఉపగ్రహ చిత్రాలు చూశాను. ఇప్పటి చిత్రం మీద నమ్మకం పెట్టుకోకూడదు, ఎందుకంటే లంకలు నిలిచిన చోట నిలవవు. ఏరు ఒక పక్క కోసుకుపోతుంది, ఇంకో పక్క మేట వేస్తుంది, ముప్పయ్యేళ్లలో ఒక లంక రూపమే మారిపోతుంది. 1984లో ఎగిరిన లాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన ఆనాటి చిత్రాలు దొరుకుతాయి గాని, వాటిలో ఒక్కొక్క చుక్క 30 మీటర్ల నేల. ఏటి అంచు తెలుస్తుంది, ఇల్లు తెలియదు.

అంకెలు మాత్రం దండిగా దొరికాయి. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు. ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోయింది. అక్కడ మూడో హెచ్చరిక 17.75 అడుగులకు. ఈ అంకెలన్నీ పటం పక్కన ఎర్ర సిరాతో రాసుకుని చాలా రోజులు చూస్తూ కూర్చున్నాను. భద్రాచలం కొలబద్ద మీద 75.6 అంటే మా అమ్మమ్మగారి అరుగు మీద ఎంత? ఈ ప్రశ్నకు జవాబు ఏ నివేదికలోనూ ఉండదు.

మా అమ్మ పుట్టిల్లు లంక ఊరిలోనిదే. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఒక ఆదివారం నాడు అమ్మ ముందు గ్రాఫు కాగితం పెట్టి, ఇల్లు ఎలా ఉండేదో చెప్పమని అడిగాను. కాగితం మీద ఆమెకు చేయి సాగలేదు. రెండు గీతలు గీసి, తలుపు ఎటు వైపు గీయాలో తోచక పెన్సిల్ పక్కన పెట్టేసింది. తరువాత తనే లేచి ముగ్గుపిండి డబ్బా తెచ్చి, హాలులో టైల్స్ మీద ఇల్లంతా పోయడం మొదలుపెట్టింది. వీధి అరుగులు, నడవ, మధ్యలో మండువా, దాని చుట్టూ వసారాలు, ఉత్తరపు వైపు పెద్దగది, పడమర వంటిల్లు, పెరట్లో నుయ్యి, నూతి పక్కన నీళ్ల గాబు, గోడవారగా దాలిగుంట. గీస్తూ గీస్తూ తానే ఆ ఇంట్లో నడవసాగింది. వంటింట్లోంచి నూతి దగ్గరికి నేను అడ్డంగా అడుగు వేయబోతే, "ఒరే, అటు కాదు, అక్కడ గాబుంది, కాలు తగులుతుంది" అని చేయి పట్టుకుని లాగింది. ముప్పయ్యేళ్ల కిందట పోయిన గాబు అది. ఆ క్షణంలో నాకు కలిగిన ఈర్ష్య ఇంతా అంతా కాదు. నా పాత్రలు కూడా లేని గాబుకు కాలు తగలకుండా తప్పుకుని నడవాలి, వాళ్లు అలా తప్పుకోవాలంటే ఆ గాబు ముందు నాకు తెలియాలి.

ముగ్గు చెరిపేయకముందే టేపు పట్టుకుని, అమ్మ చెప్పిన అంచనాలతో కొలతలు రాసుకున్నాను. నేల నుంచి అరుగు నాలుగడుగుల ఎత్తు, ఎక్కడానికి ఐదు మెట్లు. మండువా అరుగు కన్నా ఒక అడుగు పల్లం. మండువాలో పడ్డ వాన నీరు పోవడానికి మూలన ఒక తూము, దాని రెండో కొస పెరటి గోడ అవతల. ఇవన్నీ ప్రతి మండువా లోగిలిలోనూ ఉండేవే, ఎన్నోసార్లు విన్నవే. కాని మొదటిసారి వాటిని పక్క నుంచి, నిలువుగా కోసినట్టు గ్రాఫు మీద గీసి, బయట నీటిమట్టాన్ని నీలం పెన్సిల్‌తో ఒక్కొక్క అంగుళమే పైకి జరుపుతూ పోయేసరికి నాకు తెలియని సంగతి ఒకటి కాగితం మీద కనిపించింది. బయట మూడు మెట్లు మునిగి, నాలుగోది ఇంకా పూర్తిగా మునగకముందే, నీరు తూము గుండా వెనక్కి తన్ని మండువాలోకి వస్తుంది. అంటే ఇంటిల్లిపాదీ వీధి అరుగు మీద నిలబడి, "ఇంకా రెండు మెట్లున్నాయి, ఫరవాలేదు" అని ధైర్యం చెప్పుకుంటూ ఉండగా, వాళ్ల వీపు వెనుక, ఇంటి నట్టనడుమ, తూములోంచి ఎర్రనీరు బుడబుడమంటూ పైకి ఉబుకుతూ ఉంటుంది.

పరుగున వెళ్లి మా మేనమామకు ఫోన్ చేశాను. 1986లో ఆయన ఊళ్లోనే ఉన్నాడు. "అవును మరి, ముందు తూములోంచే కదరా వస్తది. గోనెసంచిలో ఊక కుక్కి తూముకి అడ్డం పెట్టాం, దాని మీద రోలు దొర్లించాం. ఎంతసేపు ఆగుద్ది?" అన్నాడు చాలా మామూలుగా. ఆ రోలు నేను ఎన్నటికీ ఊహించగలిగేది కాదు. కాని తూము సంగతి అడగాలని తెలియకపోతే ఆయన రోలు సంగతి చెప్పేవాడూ కాదు. పదకొండు నెలల్లో ఈ ఒక్క సాయంత్రం కోసమైనా గ్రాఫు కాగితాలకు పెట్టిన డబ్బు గిట్టిందనుకున్నాను.

స్థలం ఎంత ముఖ్యమో కాలం కూడా అంతే. దానికి మన దగ్గర పంచాంగం ఉంది గాని, రచయితలు దాన్ని ముహూర్తాలకు తప్ప తెరవరు. నా పాత రాతప్రతిలో వరద రాత్రి కటిక చీకటి. వరద అంటే చీకటి ఉండాలని నా మనసు అనుకుంది, అంతకు మించి కారణం లేదు. 1986 ఆగస్టు 16 శనివారం. అది అక్షయ నామ సంవత్సరం, శ్రావణ మాసం, శుక్లపక్షం. 19వ తేదీ మంగళవారం నాడు పున్నమి. కాబట్టి వరద రాత్రి అర్ధరాత్రి దాటే దాకా ఆకాశంలో చంద్రుడున్నాడు. మబ్బు పట్టి ఉండవచ్చు, అయినా మబ్బు వెనుక చంద్రుడున్న రాత్రిలో నీటికి ఒక రకమైన బూడిద వెలుగు ఉంటుంది, ఎదుటి మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. ఎవరు ఎవరిని గుర్తుపట్టలేదన్నది నా కథలో ముఖ్యమైన అంశం కనుక ఈ వెలుగు నాకు అమావాస్య చీకటి కన్నా వందరెట్లు పనికొచ్చింది.

పంచాంగం ఇంకొకటి కూడా ఇచ్చింది. శ్రావణ పున్నమికి ముందు శుక్రవారం అంటే ఆగస్టు 15. పొద్దున బడిలో జెండా, ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. సాయంత్రమయ్యేసరికి ముత్తయిదువులు పసుపు పాదాలతో, నానిన శనగల వాయనం కోసం ఇల్లిల్లూ తిరుగుతారు. పటం మీద ఆ ఆడవాళ్ల దారులను పసుపు పెన్సిల్‌తో గీసి చూశాను. మెరక మీది ఇళ్ల నుంచి పల్లపు వీధి దాకా ఆ సాయంత్రం ఊరంతా నడిచింది వాళ్లే. మగవాళ్లు రేవులో నిలబడి నీటికి పుల్ల గుచ్చి కొలుస్తున్నారు, రేడియోలో విజయవాడ కేంద్రం వార్తల కోసం ఎదురుచూస్తున్నారు. ఏ సందులోకి నీరు వచ్చిందో, ఎవరి పెరడు తడిసిందో మాత్రం వాయనాలకు తిరిగిన ఆడవాళ్లకు తెలుసు. వాళ్లను ఎవరూ అడగలేదు. నవల మొదటి ప్రకరణం అలా దానంతట అదే కుదిరింది.

మిగిలినవి తొందరగా చెప్పేస్తాను. ఏ ఇంట్లో నిలబడితే ఏ శబ్దం వినిపిస్తుందో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఒక పాత్ర ఒక ఇంటి నుంచి రేవుకు నడవడానికి ఎంతసేపు పడుతుందో తెలుసుకోవడానికి మా కాలనీలో గడియారం పెట్టుకుని, చంకలో బియ్యం మూట పట్టుకుని నడిచాను, కాపలావాడు వింతగా చూశాడు. పడవ దాటే దూరం దగ్గర మాత్రం మళ్లీ పొరబడ్డాను. ఏటి వెడల్పును కొలిచి వేగంతో భాగించి లెక్క కట్టాను. మావయ్య విని నవ్వాడు. వరదలో అవతలి రేవుకు ఎదురుగా పడవ వదిలితే ఆ రేవుకు చేరదట. ఒడ్డు వెంబడి గెడ వేసుకుంటూ ముందు బాగా ఎగువకు తోసుకుపోవాలి, అక్కడ వదిలితే ఏటి లాగుడు కొట్టుకొచ్చి రేవు దగ్గర పడేస్తుంది. కాబట్టి ప్రతి దాటుకూ నా లెక్క రెట్టింపు అయింది, దానితో ఒక రాత్రిలో పడవ ఎన్నిసార్లు తిరగగలదన్నది సగం అయింది, దానితో ఎంతమంది మిగిలిపోతారన్నదీ మారింది.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. పటం గీయడం రాయడం కన్నా సుఖమైన పని. ఎవరూ తప్పుపట్టరు, వాక్యం కుదరలేదన్న బాధ ఉండదు, రంగు పెన్సిళ్లు చెక్కుకుంటూ నెలలు గడిపేయవచ్చు. ఊళ్లో ఉన్న ఎనభై మూడు ఇళ్లకూ ఇంటిపేర్లు పెట్టడం మొదలుపెట్టి, ఇరవయ్యో ఇంటి దగ్గర నాకే అనుమానం వచ్చి ఆపేశాను. కథలోకి వచ్చేవి తొమ్మిది ఇళ్లే. గాబు కూడా నవలలో రాకపోవచ్చు. వస్తే ఒక అరవాక్యంలో, ఎవరో దాన్ని తప్పుకుని నడిచినప్పుడు రావాలి తప్ప, గాబు ఎత్తు ఇంత, వెడల్పు ఇంత అని పాఠకుడికి అప్పగించే పని పెట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాను. పోగు చేసినదంతా చూపించాలన్న యావ నాకు కాస్త ఎక్కువని మొదటి రాతప్రతి చదివిన వాళ్లు మర్యాదగానే చెప్పారు.

పోయిన నెల మావయ్య హైదరాబాద్ వచ్చాడు. పటం ముందు కుర్చీ వేసుకుని, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూశాడు. మెరక మీది మండువా ఇళ్లు, గుడి, బడి మేడ. వాటికి దిగువన పెంకుటిళ్లు. అందరికన్నా పల్లంలో, ఏటి అంచున, తాటాకు ఇళ్ల పేట. ఎత్తులను రంగులతో చూపించాను కాబట్టి ఎవరికి కలిమి ఉందో, ఎవరికి లేదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఒకటి రెండు చోట్ల చెట్టు జరపమన్నాడు, జరిపాను. తరువాత పేట మీద వేలు పెట్టి, "వీళ్లు బడి మేడ దాకా ఎట్టా వచ్చారు అల్లుడూ?" అన్నాడు.

నేను గీసిన బాట మీద వేలు నడిపించి చూపించాను. అతని వేలు కూడా నా వేలి వెనకే వచ్చి, బాటకు మధ్యలో ఆగింది. ఆ చోట నేను ఒక కొబ్బరితోట గీసి, దాని చుట్టూ ముళ్లకంచె వేశాను. పెద్ద రైతు తోట, కంచె లేకుండా ఎలా ఉంటుంది? తోటను చుట్టి వెళ్లాలంటే బాట మళ్లీ పల్లంలోకి దిగుతుంది, అక్కడికి శుక్రవారం రాత్రికే నీరు వచ్చేసింది. కంచెలో నేను తలుపు గీయలేదు.

"తలుపుండేదా మావయ్యా?" అని అడిగాను.

"ఉండేది," అన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తాళం కూడా ఉండేది."

అంతకు మించి ఆయన ఏమీ చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. మర్నాడు ఆయనను రైలు ఎక్కించి వచ్చి, పటం మీద ఆ కంచెలో చిన్న తలుపు గీసి, తాళంచెవి ఎవరి ఇంట్లో, ఏ గోడకు, ఏ మేకుకు ఉంటుందో గుర్తు పెట్టుకుని, తెల్ల కాగితం తీశాను.